బంతి గాలిలో ఉన్నది

అండర్-17 బాలికల అంతర్జాతీయ ఫుట్‌బాల్ ఛాంపియన్‌షిప్ అర్హత పోటీల ఆఖరి మ్యాచ్‌లో, ఎనభై తొమ్మిదో నిమిషంలో దుర్గం వనజ తన్నిన బంతి పైకి వెళ్లింది, పదహారేళ్లయినా ఇంకా కిందికి రాలేదు. మ్యాచ్ మాత్రం నిబంధనల ప్రకారం నడుస్తూనే ఉంది.

ఏం తన్ను అది! మ్యాచ్ జరిగిన మొగిలివాగులో ఇప్పటికీ ఆ మాట ఎత్తితే చేతిలో పని పక్కన పెట్టి చెప్పేవాళ్లున్నారు. గోలుకు ముప్పై గజాల దూరంలో ఫ్రీకిక్. వనజ నాలుగడుగులు వెనక్కి వేసి, జెర్సీ చేతితో ముక్కు తుడుచుకుని, ఉరికొచ్చి కుడికాలితో కొట్టింది. బంతి గోడ కట్టి నిలబడ్డ మంగోలియా పిల్లల తలల మీదుగా లేచి, ఉత్తరం వైపు గోలు ముందుకు వచ్చి, కాలనీ వాటర్ ట్యాంకుకు నాలుగింతల ఎత్తులో ఆగింది. ఆగి, తన చుట్టూ తాను మెల్లగా తిరగసాగింది. బొగ్గు గని మొదటి షిఫ్టు దిగి నేరుగా గ్రౌండుకొచ్చిన కార్మికులు, వాళ్ల ఇల్లాళ్లు, కందులు ఏరే చాట పట్టుకునే వచ్చిన ముసలమ్మలు, ఆరువేల మంది నోళ్లు తెరుచుకుని పైకి చూశారు. వనజ నాన్న పోశం గని హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఎందుకు తీశాడో ఆయనకే తెలియదు.

అప్పటికి స్కోరు ఒకటి ఒకటి. ఆ బంతి గోలైతే మన జట్టు అసలు ఛాంపియన్‌షిప్‌కు వెళ్తుంది. కాకపోతే డ్రా, అప్పుడు మంగోలియా వెళ్తుంది. థాయిలాండ్ నుంచి వచ్చిన రిఫరీ మేడం గడియారం చూసుకుంది. ఒక నిమిషం మిగిలి ఉంది. పైకి చూసింది. బంతి గాలిలో ఉంది. గాలిలో ఉన్న బంతి ఆటలో ఉన్నట్టే లెక్క. పైగా గోలు మీదికి పోతున్న బంతిని సగంలో ఆపి విజిల్ వేయడం ఏ రిఫరీకీ మర్యాద కాదు. ఆమె విజిల్ పెదాల మధ్య పెట్టుకుని నిలబడింది. అలాగే అయిదేళ్లు నిలబడింది.

ఆ అయిదేళ్లలో వ్యవహారాలన్నీ ఒక దారిన పడ్డాయి. రిఫరీ అనుమతి లేకుండా ఆటగాళ్లు గ్రౌండు దాటకూడదు కాబట్టి, ఎవరి పొజిషన్ పక్కన వాళ్లకు ఒక నులక మంచం, దాని మీద రేకు కప్పు మంజూరయ్యాయి. ఇళ్ల నుంచి వచ్చిన క్యారియర్లు సున్నం గీత దగ్గర అందించేవారు. మంగోలియా పిల్లలకు ఇళ్లు దూరం కాబట్టి వాళ్లను కాలనీ వాళ్లు వాడకట్టుకొకరి చొప్పున పంచుకున్నారు. వాళ్ల గోల్‌కీపర్ సారన్ వనజ వాళ్ల ఇంటి వంతుకు వచ్చింది. మొదటి వేసవి దాటేసరికి ఆ అమ్మాయి సర్వపిండి అంచు మాడితేగాని తినేది కాదు, రెండో వేసవికల్లా వనజ వాళ్లమ్మ రాజవ్వతో పప్పుల ఉప్పు తక్కువైందని పంచాయితీ పెట్టుకునేది. పరీక్షల కాలం వస్తే గ్రౌండును సెంటరు చేశారు. మిడ్‌ఫీల్డులో ఇంటర్, రైట్ బ్యాక్‌లో డిగ్రీ రాసినవాళ్లున్నారు. ఆ తర్వాత రెండేళ్లకు వనజ పెనాల్టీ గీత దగ్గర కూర్చుని ఎం.ఏ. తెలుగు పాసైంది.

రెండేళ్లకోసారి ఏదో ఒక దేశంలో అసలు ఛాంపియన్‌షిప్ జరిగేది. జట్ల జాబితాలో పదహారో పేరు ఉండాల్సిన చోట 'మొగిలివాగు మ్యాచ్ విజేత' అని రాసేవారు. ఆ విజేతతో ఆడాల్సిన జట్లు గ్రౌండులోకి వచ్చి, మనదీ మంగోలియాదీ జాతీయగీతాలు ఒకదాని తర్వాత ఒకటి వినిపిస్తే చేతులు గుండెల మీద పెట్టుకుని నిలబడి, ఖాళీ సగం వైపు తొంభై నిమిషాలు మర్యాదగా చూసి వెళ్లిపోయేవి. ఒకసారి బ్రెజిల్ పిల్లలు ఆ ఖాళీ సగంతో సున్నా సున్నా డ్రా చేసుకున్నారని టీవీలో చెప్పారు. మొగిలివాగు ఆ రోజు బాణసంచా కాల్చింది.

ఇక బంతి సంగతి. దాన్ని చూడాలంటే అదృష్టం ఉండాలనేవారు, అది రోజూ కనిపిస్తూనే ఉన్నా సరే. పొద్దున ఎండ పడితే ఒక పక్క తెల్లగా, ఒక పక్క నీలంగా వెలిగేది. మృగశిర వానల్లో మబ్బు కిందికి దిగితే బంతి మబ్బులోకి పోయి, తెరిపి ఇవ్వగానే కడిగిన ముఖంతో బయటికొచ్చేది. ఒక్క కాకి వాలలేదు దాని మీద. గాలివానకు కాలనీ రేకులన్నీ లేచిపోయిన రోజున కూడా అది జానెడు జరగలేదు. ఎక్కడెక్కడి నుంచో బస్సులేసుకుని వచ్చినవాళ్లు చెప్పులు విప్పి గీత అవతల నిలబడి చూసేవారు. కొత్తగా పెళ్లయినవాళ్లకు అరుంధతి నక్షత్రం బదులు దాన్నే చూపించిన పంతులు ఒకాయన ఉన్నాడు. వనజకు మాత్రం దాన్ని చూసినప్పుడల్లా కుడికాలి బొటనవేలు జివ్వుమనేది. తను చేసిందేనా ఇది అని ఆమెకు నమ్మకం కుదిరేది కాదు.

వయసు సమస్య మూడో ఏట వచ్చింది. అండర్-17 పోటీలో పంతొమ్మిదేళ్లవాళ్లు ఎలా ఆడతారని ఎవరో ఫిర్యాదు పెట్టారు. వయసు నిర్ధారణ కమిటీ దిగి, ఇరవై రెండు మంది మణికట్లకు ఎక్స్‌రేలు తీసి, పళ్లు లెక్కపెట్టి, జడలు కొలిచింది. నిబంధన స్పష్టంగా ఉంది. ఆటగాళ్ల వయసు మ్యాచ్ రోజున ఎంతో అంత. మ్యాచ్ ఇంకా అయిపోలేదు కాబట్టి ఆ రోజు ఇంకా గడవలేదు. ఒంట్లో ఎముకలు కూడా ఈ సంగతి గ్రహించినట్టే ఉన్నాయి. వనజ వయసు పదహారేళ్ల మూడు నెలలు, జడ పొడవు పద్దెనిమిది అంగుళాలు అని రిజిస్టరులో రాసి, ముద్ర వేసి, ఇకమీదట ఏటేటా కొలవాలని చెప్పి పోయారు. ఏటేటా కొలిచారు. ఏటేటా పద్దెనిమిది అంగుళాలే వచ్చింది. ఎం.ఏ. పాసైన వనజకు ఓటు హక్కు రాలేదు, డ్రైవింగ్ లైసెన్సు రాలేదు. ఉద్యోగాలకు దరఖాస్తు పెడితే వయసు చాలలేదని తిరిగొచ్చింది.

బంతి ఎగిరిననాటికి వనజ చెల్లెలు స్రవంతికి తొమ్మిదేళ్లు. అక్క కోసం మంచినీళ్ల సీసా పట్టుకుని గీత దగ్గర కూర్చునేది. ఏడేళ్లు గడిచాయి. ఒక గురువారం రేషన్ డీలర్ మల్లేశం కొత్త కార్డు పట్టుకుని వచ్చి, సున్నం గీత తొక్కకుండా చెయ్యి చాచి అందించాడు.

"ఇగో వనజా, నిన్నటి సంది స్రవంతి నీకంటె ఒక్కరోజు పెద్దదైంది. కార్డుల పేర్లు పైకీ కిందికీ మారినయ్. జర చూసుకో," అన్నాడు.

వనజ చూసుకుంది. తన పేరు కింద ఉంది.

స్రవంతి గీత అవతల నిలబడి చున్నీ కొస నములుతోంది. "నాతోని కాదక్కా. నిన్ను చెల్లె అని ఎట్ల పిలువాలె?"

"కార్డుల వచ్చినంక తప్పుతదా? పిలువు."

"చెల్లె," అంది స్రవంతి.

"ఏందక్కా," అంది వనజ.

ఇద్దరూ పకపకా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే స్రవంతి ముఖం చున్నీలో దాచుకుంది. ఆ రోజు నుంచి వనజ కోరిక మారిపోయింది. అంతవరకూ ఆమెకు గోలు కావాలి, ఛాంపియన్‌షిప్ కావాలి, విమానం ఎక్కాలి. ఇప్పుడు బంతి గోల్లో పడినా సరే, బయట పడినా సరే, పడితే చాలు. ఆమెకు పదిహేడు కావాలి. ఆ ఒక్కటే కావాలి. పొద్దున లేస్తూనే పైకి చూసి, "దిగవే తల్లీ," అని బతిమాలుకునేది.

థాయిలాండ్ మేడం వయసు మీరి రిటైరయ్యాక విజిల్ ఒకటి, గడియారం ఒకటి, పసుపు కార్డు ఒకటి, ఎర్ర కార్డు ఒకటి అని కాగితం మీద రాసి, హైస్కూల్ పీఈటీ కొమురయ్య సారుకు అప్పజెప్పి వెళ్లిపోయింది. ఆయన అప్పటి నుంచి ఇన్‌ఛార్జి రిఫరీ. పెదాలు నొప్పి పుడతాయని విజిల్‌కు తాడు కట్టి మెడలో వేసుకునేవాడు. మంచివాడు, మెత్తనివాడు, ఏ కాగితం ముందుకొస్తే దాని మీద సంతకం పెట్టేవాడు.

బంతిని చూస్తూ ఉండటానికి ఒక మనిషి కావాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. గని కాలనీలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు ఒకటుంది. ఇంట్లో ఒకరు పనిలో ఇరుక్కుపోతే ఆ ఇంట్లోనే ఇంకొకరికి డిపెండెంట్ కింద కొలువు. కిక్ కొట్టినామె ఇంటి మనిషిగా ఆ కొలువు స్రవంతికి వచ్చింది. రోజుకు మూడుసార్లు పైకి చూడాలి, 'బంతి స్థితి రిజిస్టరు'లో 'గాలిలో ఉన్నది' అని రాయాలి. ఇంతే పని. ఇంతే అయినా ఆ పనిలోనే ఆమె పెళ్లి జరిగింది, ఆ పనిలోనే పాప పుట్టింది. మొగుడు వదిలేసి పోయినప్పుడు ఆ పనే అన్నం పెట్టింది. పాపను చంకనేసుకుని, పైకి చూసి, రాసేది. అక్షరం గుండ్రంగా ఉండేది.

పదహారో ఏడు, ఆషాఢ మాసం, జులై పదకొండో తారీఖు. మధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉంది. ముందుగా కనిపెట్టింది సారన్. బంతి నీడ ఎప్పుడూ గోలు ముందర నేల మీద పలచగా, ఉందా లేదా అన్నట్టు ఉండేది. దాని పక్కనే నిలబడి పదహారేళ్లు గడిపిన పిల్ల కాబట్టి ఆమెకు తెలిసింది. నీడ నల్లబడుతోంది.

"వనజా!" అని అరిచింది. "ఏయ్ వనజా, వస్తున్నది! మీదికెల్లి వస్తున్నదే!"

అబ్బ, ఆ దిగడం! పడుతున్నట్టు లేదు, ఎవరో రెండు చేతుల్లో పెట్టి దించుతున్నట్టుంది. చుట్టూ గాలి సన్నగా రొద చేసింది. ఇరవై రెండు మందీ మంచాలు దిగి, చెప్పులు లేకుండా నిలబడిపోయారు. దాని మీద నుంచి పదహారేళ్ల దుమ్ము సన్నటి పొడిలా రాలింది. కుట్లు కనిపించాయి. ఒక కుట్టు దగ్గర వనజ బూటు అంటించిన ఆనాటి ఎర్రమట్టి ఇంకా తడిగా ఉంది.  వనజకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, ఊపిరి మాత్రం రాలేదు.

బంతికి చివరి నాలుగు గజాల్లో తన పాత వేగం గుర్తొచ్చింది. సారన్ ఎగిరింది. ఏం ఎగరడం అది! పదహారేళ్లు దాచుకున్న ఎగరడం. ఆమె వేళ్ల కొసలు బంతికి తగిలాయి. తగిలి, జారి, బంతి గీత దాటి వలలో పడి, రెండుసార్లు ఎగిరి, ఆగింది.

సారన్ నేల మీద అలాగే పడుకుని తల తిప్పింది. "పడ్డది పిల్లా. నీ గోలే," అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

అందరూ కొమురయ్య సారు వైపు చూశారు. ఆయన విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. బుగ్గలు నిండుగా గాలి పీల్చాడు. ఊదలేదు. ఆయన స్రవంతి వైపు చూస్తున్నాడు. స్రవంతి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"సార్," అంది స్రవంతి. "తనిఖీకి వస్తున్నరంటే నెలాఖరు దాకా రాసేసిన."

"రాసేసినవా?"

"మీరు సంతకాలు కూడ పెట్టేసిండ్రు సార్."

ఇది తప్పని ఎవరికీ ఎప్పుడూ తోచలేదు. తనిఖీకి ముందు రిజిస్టర్లు నింపి పెట్టడం ఆ ప్రాంతంలో పద్ధతి. బడిలో హాజరు, ఆసుపత్రిలో జ్వరాలు, వాగు దగ్గర నీటి మట్టం, అన్నీ అలాగే ముందుగా నిండుతాయి. బంతి పదహారేళ్లుగా గాలిలో ఉన్నప్పుడు ఇంకో ఇరవై రోజులు ఉండదని ఎవరనుకుంటారు? ముప్పై ఒకటో తారీఖు వరకు, పూటకు ఒక వరస చొప్పున, గుండ్రటి అక్షరాల్లో 'గాలిలో ఉన్నది' అని రాసి ఉంది. ప్రతి వరస పక్కనా కొమురయ్య సంతకం, గుండ్రటి ముద్ర ఉన్నాయి. తనిఖీ బృందం మూడు గంటలకు వస్తుంది. అప్పటికి రెండున్నర.

"కొట్టేసి రాయుండ్రి," అంది వనజ.  "పడ్డది గద సార్! అందరం చూసినం గద!"

"చూసినం బిడ్డా, కాదంటనా?" కొమురయ్య నులక మంచం మీద కూర్చుండిపోయాడు. "ఒక్క దినం కొట్టేస్తే, మరి కడమ దినాలు ఎవలు చూసి రాసిండ్రని అడుగుతరు. పదహారేండ్ల రిజిస్టరు అబద్ధమంటరు. బంతి అసలు గాలిలనే లేదంటరు. అప్పుడు మీ మ్యాచ్ పదహారేండ్ల కిందనే డ్రా అయిపోయినట్టు. ఇంటర్లు, డిగ్రీలు గ్రౌండుల రాసినయన్నీ రద్దు. మీకు ముప్పై రెండేండ్లు వచ్చినట్టు. ఇగ స్రవంతి సంగతి జెప్పనే వద్దు."

 స్రవంతి చంకలో పాప బంతి వైపు వేలు చూపిస్తూ కేరింతలు కొడుతోంది. స్రవంతి ఆ వేలును మెల్లగా పట్టుకుని కిందికి దించింది.

వనజ సారన్ వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పవే. ఇంటికి పోతవు గద."

సారన్ లేచి మోచేతి మట్టి దులుపుకుంది.  "పోయి ఓడిపోయి వచ్చిన అని చెప్పాలె. పదహారేండ్ల సంది మా ఊర్ల మా అవ్వ, నా బిడ్డ ఇంకా ఓడలే అని చెప్పుకుంటున్నది," అంది. "గాలిల ఉన్నంతసేపు ఎవ్వలం ఓడలే గద వనజా."

వనజ గీత దగ్గరికి నడిచింది. అక్కాచెల్లెళ్లు ఎదురెదురుగా నిలబడ్డారు. ఒకప్పుడు మంచినీళ్ల సీసా పట్టుకుని అక్కడే కూర్చున్న పిల్ల. ఇప్పుడు స్రవంతి కళ్ల కింద నల్లటి చారలు, చెవుల దగ్గర రెండు తెల్ల వెంట్రుకలు.

"నువ్వు ఏది చెప్పినా సరే చెల్లె," అంది స్రవంతి. "నీ బంతి. నీ ఇష్టం. నాకు కోపం రాదు."

 వనజ పాప బుగ్గను వేలితో నిమిరి, వెనక్కి తిరిగి తన పొజిషన్‌కు వెళ్లింది.

మూడు గంటలకు తనిఖీ బృందం దిగింది. బృందానికి పెద్ద ఒక మేడం. ఆమె రిజిస్టరు మొదటి పేజీ నుంచి తిరగేసి, అక్షరాల పొందిక చూసి సంతోషించింది. తర్వాత గొడుగు మూసి, వనజ దగ్గరికి వచ్చింది.

"మీరేనా ఆ కిక్ కొట్టింది? చేతులెత్తి మొక్కాలమ్మా మీకు," అంది. "ఏదీ, బంతి ఎక్కడుంది?"

బంతి అప్పటికి సున్నం బస్తాల వెనక స్టోర్ గదిలో ఉంది. కొమురయ్య సారు దాన్ని సామాను జాబితాలో 'అదనపు బంతి, ఒకటి, వాడినది' అని ఎక్కించాడు. గ్రౌండంతా వనజ చేతి వైపు చూస్తోంది. స్రవంతి చూడటం లేదు. పాప తల మీద గడ్డం ఆనించి కళ్లు మూసుకుంది.

వనజ చెయ్యి ఎత్తింది. ఎత్తి, ఏమీ లేని ఆకాశంలో, సరిగ్గా ఆ చోటును చూపించింది.

మేడం నుదుటి మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది. వెంట వచ్చినవాళ్లు చూశారు. కొమురయ్య సారు చూశాడు. ఇరవై ఒక్క మంది ఆటగాళ్లు చూశారు. సారన్ గోలు ముందు రెండు చేతులూ చాచి, మోకాళ్లు వంచి, పైకి చూస్తూ సిద్ధంగా నిలబడింది. గీత అవతల చెప్పులు విప్పిన యాత్రికులు చేతులు జోడించారు.

"అబ్బా," అంది మేడం. ఆమె చేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. "ఎంత ఎత్తు! ఫొటోల్లో ఇలా ఉండదు. నిజంగా వచ్చి చూడాల్సిందే." రిజిస్టరులో సంతృప్తికరంగా ఉన్నదని రాసి, సంతకం పెట్టి, పోతూ పోతూ అడిగింది. "ఇప్పుడు మీ వయసెంత తల్లీ?"

"పదహారేళ్ల మూడు నెలలు మేడం," అంది వనజ.

ఆ సాయంత్రం వనజ కుడి మోకాలు నొప్పి పుట్టింది. పదహారేళ్లలో అదే మొదటి నొప్పి. తర్వాతి నెల కొత్త రిజిస్టరు వచ్చింది. పని తేలికగా ఉంటుందని ఈసారి ప్రతి వరసలోనూ 'గాలిలో ఉన్నది' అని ముందే అచ్చు వేసి పంపించారు. అసలు ఛాంపియన్‌షిప్ జట్ల జాబితా పేపర్లో పడింది. పదహారో పేరు మారలేదు. యాత్రికుల బస్సులు మునుపటికంటే పెరిగాయి.

కొలతలు తీసే కమిటీ వచ్చే ముందు రోజు మధ్యాహ్నం, స్రవంతి కత్తెర, టేపు పట్టుకుని గీత దగ్గర కూర్చుంది. వనజ గీతకు ఇవతల వీపు పెట్టి కూర్చుంది. జడ ఇరవై అంగుళాలుంది. స్రవంతి టేపు పెట్టి, రెండుసార్లు సరిచూసుకుని, కొస కత్తిరించింది.

"కదలకు చెల్లె," అంది. "ఇంకొంచెం ఉన్నది."

"కదులుతలేనక్కా," అంది వనజ, ఆకాశం వైపు చూస్తూ.